అప్పుపత్రంతో వచ్చిన సామ్రాజ్యాలు



సామ్రాజ్యాల విస్తరణ, నూతన ప్రపంచ శక్తుల ఆవిర్భావం గురించి ప్రసంగించమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఈ మాట వినగానే ఎవరికైనా ఫిరంగులు, యుద్ధనౌకలు గుర్తుకు వస్తాయి. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపిన మాకు మాత్రం ముందుగా అప్పుపత్రమే గుర్తుకు వస్తుంది. గత రెండు మూడు శతాబ్దాల్లో అనేక రాజ్యాలు యుద్ధరంగంలో ఓడిపోవడానికి చాలాకాలం ముందే పద్దుల పుస్తకంలో ఓడిపోయాయి. పాలకులు చేసిన అప్పులకు లెక్క అడిగే హక్కు ప్రజలకు లేకపోవడమే ఆ ఓటమికి మూలమని మా అభిప్రాయం. ఈజిప్టు చరిత్ర ఇందుకు ప్రబల నిదర్శనం.

1863లో ఇస్మాయీల్ పాషా ఈజిప్టు పాలకుడైనప్పుడు ఆ దేశ ప్రభుత్వ రుణం సుమారు 30 లక్షల పౌండ్లు. 1876 నాటికి అది 9 కోట్ల పౌండ్లు దాటింది. ఆయన రైలు మార్గాలు వేయించాడు, సాగు కాలువలు తవ్వించాడు, పాఠశాలలు నెలకొల్పాడు. రాజభవనాలకూ, 1869 నవంబరులో జరిగిన సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికీ ధనాన్ని నీళ్ళలా వెచ్చించాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఆకాశాన్నంటిన పత్తి ధర ఆ యుద్ధం ముగియగానే పడిపోయింది. ఖర్చు మాత్రం తగ్గలేదు. ఐరోపా బ్యాంకులు కమీషన్లూ తగ్గింపులూ పట్టుకొని మిగిలినదే చేతికిచ్చేవి. వడ్డీ మాత్రం పత్రంలో రాసిన పూర్తి మొత్తంపై వసూలు చేసేవి.

1875 నవంబరులో ఇస్మాయీల్ తన సూయజ్ వాటాలను అమ్మకానికి పెట్టాడు. బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ రోత్‌షీల్డ్ బ్యాంకు వద్ద అప్పు తీసుకొని, 1,76,602 షేర్లను దాదాపు 40 లక్షల పౌండ్లకు కొన్నాడు. వేలాది ఈజిప్టు రైతులు వెట్టిచాకిరీ చేసి తవ్విన కాలువలో దాదాపు 44 శాతం వాటా ఒక్క తుపాకీ పేలకుండానే లండన్ చేతికి వెళ్ళింది. మరుసటి సంవత్సరం అప్పుల వసూలు కోసం ఐరోపా ప్రతినిధులతో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 1878లో ఒక ఆంగ్లేయుడు ఈజిప్టుకు ఆర్థిక మంత్రి అయ్యాడు. ఒక ఫ్రెంచి దేశస్థుడు ప్రజాపనుల మంత్రి అయ్యాడు. నైలు నదికి వరద తగ్గి ఎగువ ఈజిప్టులో కరవు వచ్చినా వడ్డీ చెల్లింపులు ఆగలేదు. ఎదురు తిరగబోయిన ఇస్మాయీల్‌ను 1879లో ఐరోపా ఒత్తిడిపై ఉస్మానియా సుల్తానే పదవి నుంచి తొలగించాడు. 1880లో వచ్చిన చట్టం దేశ ఆదాయంలో దాదాపు సగాన్ని అప్పులవాళ్ళకే కేటాయించింది.

అప్పుడు ప్రజలు మేల్కొన్నారు. రైతు కుటుంబంలో పుట్టిన కర్నల్ అహ్మద్ ఉరాబీ నాయకత్వంలో ఉద్యమం సాగింది. 1882 ఆరంభంలో ప్రతినిధుల సభ ఏమి కోరిందో మనం జాగ్రత్తగా గమనించాలి. అప్పులకు కేటాయించిన ఆదాయం జోలికి పోము, మిగిలిన బడ్జెటుపైనైనా ఓటు వేసే హక్కు ఇవ్వండి అని కోరింది. తమ దేశపు జమాఖర్చులో సగం చూసుకోనివ్వమన్నారు, అంతే. బ్రిటన్, ఫ్రాన్సు అందుకు అంగీకరించలేదు. ఆ సంవత్సరం జూలై 11న బ్రిటిష్ నౌకలు అలెగ్జాండ్రియాపై గుండ్లు కురిపించాయి. సెప్టెంబరు 13న తెల్ అల్ కబీర్ వద్ద ఉరాబీ సేన ఓడిపోయింది. ఆ యుద్ధానికి భారతదేశం నుంచి కూడా సైనికులను తరలించారు. ఉరాబీని సిలోనుకు ప్రవాసం పంపారు. త్వరలోనే వెళ్ళిపోతామన్న బ్రిటిష్ సైన్యం ఈజిప్టును పూర్తిగా విడిచిపెట్టింది 1956 జూన్‌లో.

ఈ పద్ధతి ఆంగ్లేయులు ఈజిప్టులో కొత్తగా నేర్చుకున్నది కాదు. అంతకు ముందే మన దక్కనులో సాధన చేశారు. 1798 సంధి ప్రకారం హైదరాబాదు నిజాం కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించవలసి వచ్చింది. ఆ ఖర్చు కింద 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ, కర్నూలులో కొంత భాగాన్నీ కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది. 1853లో మళ్ళీ సైన్యపు జీతాల బాకీ పేరుతో, డల్హౌసీ హయాంలో, బేరారు కూడా చేజారింది. తన ఊరు ఎవరి పద్దులోకి మారుతున్నదో ఆ రైతును అడిగినవారు లేరు.

ఇక నూతన శక్తుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అప్పులిచ్చిన బ్రిటనే అప్పులపాలైంది. 1946లో అమెరికా నుంచి 375 కోట్ల డాలర్ల రుణం పొందింది. దాని చివరి వాయిదా 2006 డిసెంబరులో గాని తీరలేదు. 1956 జూలై 26న నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేసినప్పుడు, బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టుపై దాడి చేశాయి. సైనికంగా వాటిదే పైచేయి. కాని పౌండు విలువ కూలిపోసాగింది. సేనలను వెనక్కి తీసుకోకపోతే అంతర్జాతీయ ద్రవ్యనిధి సహాయం అందనివ్వమని అమెరికా తేల్చి చెప్పింది. డిసెంబరులో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు వెనుదిరిగాయి. అప్పుపత్రంతో ఈజిప్టులో ప్రవేశించిన సామ్రాజ్యం అప్పు పుట్టకనే నిష్క్రమించింది.

అంతమాత్రాన కొత్త శక్తులు విమోచకులని భ్రమపడరాదు. ఆ అమెరికాయే మూడేళ్ళ క్రితం, 1953లో, చమురు పరిశ్రమను జాతీయం చేసిన ఇరాన్ ప్రధాని ముసద్దిఖ్‌ను కూలదోయడంలో పాలు పంచుకుంది. సూయజ్ విషయంలో బ్రిటన్‌ను హెచ్చరించిన సోవియట్ యూనియన్ ట్యాంకులు ఆ నవంబరులోనే బుడాపెస్టు వీధుల్లో తిరుగుతున్నాయి.

నేడు చైనా ఎదుగుతున్నది. 2017లో శ్రీలంక హంబన్‌తోట రేవును ఒక చైనా కంపెనీకి 99 సంవత్సరాల లీజుకు ఇచ్చింది. దీనిని 1882తో సమానం చేయడం న్యాయం కాదు. అక్కడికి సైన్యం రాలేదు. పైగా శ్రీలంకకు చైనా అప్పుల కన్నా అంతర్జాతీయ బాండ్ల అప్పులే ఎక్కువ. మా ప్రశ్న వేరు. 2022లో పెట్రోలు కోసం, వంటగ్యాసు కోసం వరుసల్లో నిలిచిన సామాన్యుల్లో ఎందరికి ఆ రుణాల షరతులు ముందుగా తెలుసు?

సోదరులారా, ఒక శక్తి పోయి మరొక శక్తి వస్తే మన కష్టాలు తీరతాయని ఎదురుచూడటం వృథా. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పును పత్రంపై రాసుకోవడాన్ని గురించినదే. వ్రాతగాడు న్యాయంగా రాయాలని, సాక్షులుండాలని అందులో ఆదేశం ఉంది. ఆ స్ఫూర్తిని మన ప్రజాజీవితంలోకి తీసుకురావాలి. మైనారిటీ సంక్షేమానికి బడ్జెటులో చూపినదెంత, విడుదలైనదెంత, ఖర్చయినదెంత అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. వక్ఫ్ ఆస్తి ఎవరి లీజులో, ఎంత అద్దెకు, ఎప్పటివరకు ఉందో తెలుసుకోవచ్చు. అంతకన్నా ముందు మన మసీదు కమిటీల, మన సంఘాల జమాఖర్చులను ఏటా జమాఅత్ ముందు చదివి వినిపించాలి. ఇంట్లో లెక్క చెప్పని వాడికి బయట లెక్క అడిగే నోరుండదు.

ఈజిప్టు ప్రతినిధులు ఆ హక్కు కోసం దేశాన్నే పణంగా పెట్టవలసి వచ్చింది. మనకు అది చట్టంగా చేతిలో ఉంది. ఈ సభ నుంచి ఇళ్ళకు చేరిన తరువాత ఒక్కొక్క మొహల్లా నుంచి ఒక్క దరఖాస్తయినా రాయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.