భేజ్జి భూమి – ప్రభుత్వ సేకరణాధికారం – కార్మికుల కర్తవ్యం

(కార్మిక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో ఇంతవరకు వేతనాలను గురించి, బోనస్‌ను గురించి, లేబర్ కోడ్‌లను గురించి చర్చలు జరిగినవి. ఇప్పుడు భూమిని గురించి మాట్లాడవలసి ఉన్నదని మేము అన్నప్పుడు, “భూమి సంగతి రైతు సంఘాలు చూసుకొంటవి గదా, ఫ్యాక్టరీ కార్మికులకు దానితో ఏమి పని?” అన్న ప్రశ్న కొందరి మనస్సులలో మెదలి ఉండవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పటమే ఈ ప్రసంగం ఉద్దేశం. మనం పనిచేసే ప్రతి గని, ప్రతి కర్మాగారం, ప్రతి రైలు మార్గం ఒకప్పుడు ఎవరో దున్నుకొన్న నేల మీదనే నిలిచి ఉన్నది. ఆ నేలను ఎవరు, ఏ అధికారంతో, ఏమి చెల్లించి తీసుకొన్నారన్నది మనకు సంబంధించని విషయం కానేరదు.

దృష్టాంతంగా భేజ్జి గ్రామాన్ని తీసుకొందాము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, సుక్మా జిల్లా, కుంట తహసీలులో ఉన్నది ఈ గ్రామం. కుంట దాటితే మన చింతూరు. శబరి నది నీరు మన కూనవరం వద్దనే గోదావరిలో కలుస్తున్నది. కోయ, దొర్ల ప్రజలు నివసించే ఆ ప్రాంతంలో తెలుగు వినబడని సంత ఉండదు. పత్రికల వారికి మాత్రం భేజ్జి పేరు 2017 మార్చి 11న తెలిసినది. ఇంజరం–భేజ్జి రోడ్డు పనులకు కాపలాగా వెళ్ళిన 12 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు ఆ నాడు మావోయిస్టుల దాడిలో ప్రాణాలు కోల్పోయినారు. ఆ దుర్ఘటన వల్ల భేజ్జి అంటే తుపాకుల ఊరన్న భావం దేశంలో స్థిరపడినది. కాని అక్కడి ప్రజలకు అది విత్తనం వేసే ఊరు, ఇప్పపూవు ఏరే ఊరు, పెద్దలను పూడ్చుకొన్న ఊరు. రోడ్డు వేసినా, క్యాంపు కట్టినా, గని తవ్వినా మొదట కావలసినది వారి భూమి.

ఆస్తి హక్కును గురించి కార్మికోద్యమం ఏమన్నదో ముందుగా గుర్తుచేసుకొనటం అవసరం. 1950 నాటి రాజ్యాంగంలో 19(1)(ఎఫ్), 31 అధికరణాల ద్వారా ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండెను. జమీందారీ రద్దు చట్టాలను ఆ హక్కు పేరనే జమీందారులు కోర్టుల కీడ్చినారు. 1951లోనే మొదటి సవరణ తెచ్చి ఆ చట్టాలను కాపాడవలసి వచ్చినది. చివరకు 1978లో 44వ సవరణ ద్వారా ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించి, 300ఎ అధికరణం కింద కేవలం చట్టబద్ధమైన హక్కుగా నిలిపినారు. చట్టం అనుమతించనిదే ఎవరి ఆస్తినీ హరించరాదన్నది దాని సారాంశం. వేల ఎకరాల ఆసామికి రక్షణ కవచం పోయినందుకు శ్రామిక జనం విచారించలేదు. విచారించవలసిన పని లేదు.

అయితే మిత్రులారా, ఇక్కడ ఒక విషయం మన దృష్టిని దాటిపోయినది. జమీందారు మీద ప్రయోగించిన అధికారం, మూడెకరాల గిరిజనుని మీద ప్రయోగించే అధికారం చూడటానికి ఒకటే. కాని జమీందారుకు ప్లీడరు ఉన్నాడు, కాగితం ఉన్నది, పట్నంలో మరొక ఇల్లు ఉన్నది. భేజ్జి రైతుకు ఉన్నది ఆ చెక్కే. ఇతరుల శ్రమను పిండుకొనే ఆస్తి వేరు, తన శ్రమతో తాను బ్రతికే ఆస్తి వేరు. 1894 నాటి భూసేకరణ చట్టానికి ఈ తేడా తెలియదు. “ప్రజాప్రయోజనం” అన్న ఒక్క మాటతో తెల్లదొరల కాలం నుండి 2013 వరకు అదే చట్టం నడిచినది.

బస్తరులో ఈ కథ 1894తోనే ఆగలేదు. మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలన్న ప్రతిపాదన, వెట్టి, అధికారుల దౌర్జన్యం కలిసి 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటుకు దారితీసినవి. అడవిని రిజర్వు చేయటమంటే పరిహారం లేకుండా భూమిని తీసుకొనటమే. మన మన్యంలో 1922–24 నాటి అల్లూరి పోరాటానికి కూడా అటవీ చట్టాల బాధ ఒక ప్రధాన కారణం. తరువాత బైలదిల్లా ఇనుప గనులు వచ్చినవి. 1960ల నుండి ఆ ఖనిజం కిరందుల్ నుండి కొత్తవలస మార్గాన విశాఖ రేవుకు చేరుతున్నది. ఆ గనులలో, ఆ రైళ్ళలో, ఆ రేవులో పనిచేసినవారిలో మన తెలుగు కార్మికులు ఎందరో ఉన్నారు. 1978 ఏప్రిల్‌లో కిరందుల్ గని కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు కార్మికోద్యమం గట్టిగా ఖండించినది. అది సరియైన పని. కాని ఆ కొండల కింద భూములు పోగొట్టుకొన్నవారిని గురించి మన తీర్మానాలలో అంత గట్టిగా వ్రాసినామా? ఈ ఆత్మవిమర్శ చేసుకొనక తప్పదు.

ఇక భేజ్జి పరిసరాలకు వద్దాము. 2005లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత కుంట తహసీలులో అనేక గ్రామాలు ఖాళీ అయినవి. కొందరిని ఇంజరం, ఎర్రబోరు, దోర్నపాల్ వంటి శిబిరాలకు తరలించినారు. కొందరు అడవిలోకి పోయినారు. వేలాదిమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు చేరినారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకొనటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. కాని ఖాళీ అయిన ఊళ్ళలోని పొలాల మాట ఏమిటి? అక్కడ సేకరణ నోటీసు లేదు, విచారణ లేదు, పరిహారం లేదు. చట్టప్రకారం ఎవరూ ఆ భూమిని తీసుకొనలేదు. అయినా రైతు చేతిలో భూమి లేదు. సొంత పొలమున్న మనిషి ఖమ్మం జిల్లా మిరప తోటలలో కాయలు కోసే కూలీ అయినాడు. అడవిలో పోడు కొట్టుకొంటే అటవీ శాఖ లెక్కలో ఆక్రమణదారుడైనాడు. రైతు కూలీగా మారే మార్గాలలో ఇది ఒకటి. అతడు కూలీగా మారిన నాడే అతని సమస్య మన సమస్య అయినది.

అటవీ హక్కుల చట్టం (2006) మూడవ సెక్షనులో, 2005 డిసెంబరు 13కు ముందు అక్రమంగా వెళ్ళగొట్టబడినవారికి పునరావాసపు హక్కు, ప్రత్యామ్నాయ భూమితో సహా, ఇవ్వబడినది. సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు పత్రం పొందవచ్చును. కాని ఊరు విడిచిన మనిషి సాగులో ఉన్నట్లు ఎట్లా రుజువు చేయగలడు? సాక్షులు చెదిరిపోయినారు, గ్రామసభ చెదిరిపోయినది. చట్టం ఇచ్చిన హక్కును పరిస్థితి మింగివేస్తున్నది.

ఇంతకన్నా సూక్ష్మమైన మార్గం ఒకటి 2017 డిసెంబరులో కనిపించినది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా కాపాడే భూమిశిస్తు కోడ్‌ను సవరించి, అంగీకారం మీద ప్రభుత్వమే గిరిజనుల భూమిని కొనుగోలు చేసేందుకు వీలు కల్పించే బిల్లును ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఆమోదించినది. ప్రాజెక్టులు త్వరగా పూర్తవుతవని ప్రభుత్వం వాదించినది. అమ్మేవాడు ఇష్టపడితే అభ్యంతరమేమిటని పైకి అనిపించవచ్చును. కాని సేకరణ అయితే 2013 చట్టం వర్తిస్తుంది. సామాజిక ప్రభావ అంచనా జరగాలి, గ్రామసభ అంగీకరించాలి, పునరావాసం చూపాలి. కొనుగోలు అయితే ఒక రైతు, ఒక అధికారి, ఒక వేలిముద్ర చాలును. ఠాణా పక్కన కూర్చొని బేరమాడే మనిషి “ఇష్టం” ఎంతటిదో ఊహించండి. కాంట్రాక్టరు ముందు ఒంటరిగా నిలబడిన కూలీ “ఇష్టపడి” ఒప్పుకొన్న రేటు ఎటువంటిదో మనకు తెలియనిది కాదు. గిరిజన సంఘాలు రాష్ట్రమంతటా వ్యతిరేకించినందువల్ల 2018 జనవరిలో ప్రభుత్వం ఆ బిల్లును ఉపసంహరించుకొన్నది. ఒంటరిగా బేరమాడరాదన్న సూత్రం యూనియన్లకే గాక గ్రామసభకు కూడా ప్రాణమని ఆ ఉదంతం తెలియజేస్తున్నది.

చట్టంలో నేడు ఏమి ఉన్నదో తెలుసుకొనటం ఆయుధం పట్టుకొనటం వంటిది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో సేకరణకు ముందు గ్రామసభను గాని తగు స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలన్నది. దానికి ఛత్తీస్‌గఢ్‌లో నిబంధనలు వచ్చినది 2022లో. అనగా 26 ఏండ్ల తరువాత. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, మన విశాఖ మన్యం భూముల విషయంలో, ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక “వ్యక్తి”యేనని, షెడ్యూల్డు ప్రాంత భూములను గిరిజనేతరులకు లీజు కివ్వరాదని తీర్పు చెప్పినది. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం 41వ సెక్షను, షెడ్యూల్డు ప్రాంతాలలో సాధ్యమైనంతవరకు సేకరణే జరపరాదన్నది. మరొక దారి లేనప్పుడు మాత్రమే, అదీ గ్రామసభ ముందస్తు అంగీకారంతోనే జరపాలన్నది.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు మరొక విలువైన తీర్పు ఇచ్చినది. హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక నిరక్షరాస్య వృద్ధురాలి భూమిని 1967–68లో ఏ సేకరణా జరపకుండానే రోడ్డుకు కలుపుకొన్నారు. ఇంతకాలంగా మా స్వాధీనంలో ఉన్నది గనుక మాదేనని ప్రభుత్వం వాదించినది. సంక్షేమ రాజ్యం తన పౌరుల భూమిని అట్లా అనుభవం పేరుతో కాజేయరాదని కోర్టు తోసిపుచ్చి, పరిహారం చెల్లించమన్నది. 2024 మే 16న మరొక కేసులో, 300ఎ అధికరణంలో ఏడు హక్కులు ఇమిడి ఉన్నవని చెప్పినది: నోటీసు, అభ్యంతరాల విచారణ, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం, సక్రమమైన నిర్వహణ, ప్రక్రియను ముగింపుకు తెచ్చుట. అదే ఏడాది నవంబరు 5న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజపు భౌతిక వనరు కాజాలదని మెజారిటీతో నిర్ణయించినది. ఈ తీర్పు పెద్ద ఆస్తిపరులకు కూడా ఊరట నిచ్చినదన్న మాట నిజమే. కాని ఏడు హక్కుల తీర్పు భేజ్జి రైతు చేతిలో పెట్టదగిన సాధనం. ఆ ఏడింటిలో ఎన్ని అతనికి అందినవని ప్రతి రోడ్డు విషయంలో, ప్రతి క్యాంపు విషయంలో మనం అడగవచ్చును.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. ప్రభుత్వానికి భూమి తీసుకొనే అధికారమే లేకుంటే ఆసుపత్రి ఎక్కడ? రైలు ఎక్కడ? మన ఉద్యోగాలెక్కడ? ఇది న్యాయమైన ప్రశ్న. ఆ అధికారం ఉండకూడదని మేము చెప్పటం లేదు. రోడ్డు లేని ఊరిలో పురిటి నొప్పుల తల్లిని మంచం మీద మోసుకుపోవలసి వస్తుంది. రోడ్డు కావాలి. అయితే అడిగి వేసిన రోడ్డు ఊరిదవుతుంది, అడగకుండా వేసిన రోడ్డు పరాయిదవుతుంది. ఇక “ప్రజాప్రయోజనం” అన్న మాట ఎంత సాగుతుందో అమెరికాలోనూ చూచినారు. న్యూ లండన్ నగరంలో ఆర్థికాభివృద్ధి పేరుతో సామాన్యుల ఇళ్ళను తీసుకొనటాన్ని 2005లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో సమర్థించినది. ఇళ్ళు పోయినవి, తలపెట్టిన అభివృద్ధి రాలేదు, ఆ స్థలం ఏండ్ల తరబడి బీడుగా పడి ఉండెను.

బస్తరులోనే లోహండిగుడా ఉన్నది. 2005లో ఉక్కు కర్మాగారానికి ఒప్పందం జరిగి, 10 గ్రామాలలో 1,707 మంది రైతుల సుమారు 4,200 ఎకరాలు సేకరించబడినవి. కర్మాగారం రాలేదు. 2018 డిసెంబరులో కొత్త ప్రభుత్వం భూమిని తిరిగి ఇవ్వ నిర్ణయించి, 2019లో పత్రాలు పంచినది. తీసుకొన్న భూమి తిరిగి రావచ్చునని దేశానికి చూపిన ఉదాహరణ అది. అయితే 2013 చట్టం 101వ సెక్షను, ఐదేండ్లు వాడని భూమిని యజమానికి “లేదా” ప్రభుత్వ భూమి బ్యాంకుకు ఇవ్వాలంటున్నది. ఆ ఒక్క “లేదా” ద్వారా రైతు భూమి తిరిగి రైతుకు చేరకుండా పోవచ్చును.

విశాఖ ఉక్కు విషయం మనకు మరీ దగ్గరిది. 1966లో ఆ కర్మాగారం కొరకు 32 మంది ప్రాణాలర్పించినారు. ప్రజల ప్రయోజనం కొరకని వేలాది కుటుంబాలు భూములిచ్చినవి. 2021 జనవరిలో కేంద్రం దానిని నూటికి నూరు పాళ్ళు అమ్మటానికి సూత్రప్రాయంగా నిర్ణయించినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయం ప్రకటించినది. యజమాని మారితే భూమి తీసుకొన్న నాటి ప్రజాప్రయోజనం కూడా అమ్ముడుపోయినట్లేనా? ఈ ప్రశ్నను నిర్వాసితులు, కార్మికులు కలిసి అడిగినప్పుడే దానికి బలం వస్తుంది. విడివిడిగా అడిగినంతకాలం ఒకరి నష్టాన్ని రెండవవారి లాభంగా చూపించటం పాలకులకు సులభం.

కావున మేము ప్రతిపాదించే కర్తవ్యాలు ఇవి. మొదటిది, ప్రతి కోర్కెల పత్రంలో నిర్వాసితుల ఉద్యోగం, పునరావాసం ఒక అంశంగా చేరాలి. రెండవది, సొంత భూమి పోగొట్టుకొని అదే గనిలో కాంట్రాక్టు కూలీగా, అదే రోడ్డు మీద కంకర కొట్టే మనిషిగా మారినవారిని యూనియన్‌లో చేర్చుకోవాలి; రేటు విషయంలోనే గాక వారి భూమి విషయంలోనూ అండగా నిలవాలి. మూడవది, సరిహద్దు జిల్లాల మన శాఖలు కుంట ప్రాంతం నుండి వచ్చిన కుటుంబాలకు అటవీ హక్కుల దరఖాస్తులు వ్రాయటంలో, పాత ఊరి సాక్ష్యాలు కూర్చటంలో తోడ్పడాలి. చదువు వచ్చిన ఒక కార్మికుని ఒక ఆదివారం అక్కడ ఒక కుటుంబానికి ఒక తరపు భూమిని నిలబెట్టవచ్చును. నాల్గవది, నోటీసులు, గ్రామసభ తీర్మానాలు ప్రజలకు అర్థమయ్యే భాషలో ఉండాలని, తీర్మానం ప్రతి ఊరి చేతిలో ఉండాలని పట్టుబట్టాలి.

మిత్రులారా, మన తాతలలో అనేకులు భూమి కోల్పోయి పట్నానికి వచ్చినవారే. వారి భూమి పోయిన నాడు పక్కన నిలబడి “ఈ కాగితంలో ఏమున్నదో చదివి చెప్పుతాను, అప్పటిదాకా వేలిముద్ర వేయవద్దు” అని చెప్పే మనిషి లేడు. నేడు భేజ్జి రైతు పక్కన ఆ మనిషిగా నిలబడగల శక్తి మనకున్నది. ఆ శక్తిని ఉపయోగిద్దాము.