వాంతి గోలి: పేరు చదివాకే మింగుదాం

(అంకాపూర్ వైద్య శిబిరంలో ఒక సీనియర్ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళుగా మందుల కౌంటర్ వెనుక నిలబడ్డవాణ్ణి. మన దగ్గర పేరు చెప్పకుండా అడిగే మందులు మూడు: జ్వరం గోలి, గ్యాస్ గోలి, వాంతి గోలి. ఈ మూడో దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి షాపు మూసేవేళ, ఒక తండ్రి పదమూడేళ్ళ బిడ్డను ఆటోలో తెచ్చాడు. పిల్ల మెడ ఒక పక్కకు మెలితిరిగింది. కళ్ళు పైకి నిలిచిపోయాయి. మాట రావడం లేదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. "పొద్దున ఏ మందు వేశారు భాయ్?" అని అడిగితే, కత్తిరించిన స్ట్రిప్ ముక్క జేబులోంచి తీశాడు. దాని మీద సగం పేరే మిగిలింది: 'మెటోక్లో'. ఆ సగం పేరే దారి చూపింది. వెంటనే దవాఖానకు పంపించాను. విరుగుడు సూది వేశాక అరగంటలో మెడ మామూలైంది. ఆ ముక్క దొరక్కపోతే ఆ రాత్రి ఎట్లా గడిచేదో!

ఆ మందు మెటోక్లోప్రమైడ్. చెడ్డ మందేమీ కాదు. మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని అడ్డుకొని వాంతిని ఆపుతుంది. కండరాల కదలికను నడిపేదీ ఆ పదార్థమే కాబట్టి కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, పడుచువాళ్ళకు, ఇలా పట్టేస్తుంది. అందుకే 2013లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీనికి హద్దు పెట్టింది. పెద్దలకు 10 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లకు మించకూడదు. ఐదు రోజులు దాటకూడదు. ఏడాదిలోపు పిల్లలకు అసలే వద్దు.

రెండోది డోంపెరిడోన్. ఇది మెదడులోకి పెద్దగా పోదు గానీ, గుండె లయను చెడగొట్టే ప్రమాదం ఉంది. అరవై దాటినవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువ. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ వంటి మందులతో కలిపి వాడకూడదు. దీనికీ 2014లో అదే సంస్థ హద్దు చెప్పింది: రోజుకు 30 మిల్లీగ్రాములు, మామూలుగా వారం రోజులు.

మరి ఇది ఎక్కడ దాక్కుందో తెలుసా? మీ గ్యాస్ గోలిలో! పేరు చివర 'డి' అనో 'డీఎస్ఆర్' అనో ఉంటే, గ్యాస్ మందుతో పాటు డోంపెరిడోన్ కూడా కలిసి ఉందన్నమాట. రంజాన్‌లో సెహ్రీకి ఒకటి మొదలుపెట్టి, పండుగ పోయినా ఆపకుండా ఏడాదంతా మింగేవాళ్ళను చూశాను. వాళ్ళు వాంతి మందు వాడుతున్నట్టు వాళ్ళకే తెలియదు.

మూడోది ఆన్‌డాన్‌సెట్రాన్. చిన్నపిల్లలకు ఎక్కువగా రాసేది ఇదే. తలనొప్పి, మలబద్ధకం రావచ్చు. గుండె లయ విషయంలో దీనికీ జాగ్రత్త కావాలి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. అన్నకు రాసిన సీసా చెల్లెకు పట్టొద్దు. పెద్దల గోలి సగం విరిచి ఇవ్వొద్దు.

గర్భిణులు సొంతంగా ఏ గోలీ వేసుకోవద్దు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను ఎందరో తల్లులు వేవిళ్ళకు వాడారు. 1961లో దాన్ని ఆపేలోపే జరగరానిది జరిగింది. వేలమంది బిడ్డలు కాళ్ళూచేతులూ సరిగా లేకుండా పుట్టారు. ఇప్పుడు వేవిళ్ళకు వేరే మంచి మందులున్నాయి. కానీ అవి డాక్టరమ్మ రాసివ్వాలి.

ఇంకో ముఖ్యమైన మాట. కొన్ని వాంతులను గోలితో అణచకూడదు. చేనులో పురుగుమందు కొట్టి వచ్చాక వాంతి, చెమటలు, నోట్లో నీళ్ళూరడం, చూపు మసకబారడం కనిపిస్తే అది మందు ఒంటికెక్కిన గుర్తు. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, ఆ డబ్బా వెంట పట్టుకొని దవాఖానకు పరుగెత్తాలి. తలకు దెబ్బ తగిలాక వాంతి, ఛాతీలో బరువుతో వాంతి, షుగర్ ఉన్నవాళ్ళకు ఆగని వాంతి, రక్తపు వాంతి, ఇవన్నీ 108కి ఫోన్ చేయాల్సినవే. అక్కడ గోలి వేసి పడుకోబెడితే జబ్బు లోపలే ముదురుతుంది.

పిల్లలకు వాంతులైతే అసలు భయం ఒంట్లో నీళ్ళు తగ్గడం. ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. గ్లాసుతో గటగటా తాగిస్తే మళ్ళీ కక్కేస్తారు. చెంచా చెంచాగా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా మొదలుపెట్టండి. పిల్లవాడు మగతగా ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంట్లో ఉంచొద్దు.

చివరగా ఒక విన్నపం. స్ట్రిప్ కత్తిరించి తీసుకున్నా, మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కే అడగండి. ఎర్రగీత ఉంటే అది డాక్టర్ చీటీతోనే కొనాల్సిన మందు. వాడిన ప్రతి మందు ఖాళీ స్ట్రిప్పును కొన్నాళ్ళు దాచండి. ఆ రాత్రి ఆ బిడ్డ గండం గట్టెక్కింది నా గొప్పతనంతో కాదు, తండ్రి జేబులో మిగిలిన ఆ చిన్న ముక్కతో.

ఈ శిబిరం అయ్యేదాకా ఆ మూల బల్ల దగ్గరే ఉంటాను. ఇంటికి పోయి మీ గోలీల డబ్బా తీసుకురండి, కలిసి చదువుదాం.