డార్ట్స్ బోర్డు మీద 301

ఇంగ్లండ్ పబ్బుల్లో పెరిగిన ఆట డార్ట్స్. ఇప్పుడు లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో వేలమంది ముందు ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే స్థాయికి ఎదిగింది. 2025 జనవరిలో అక్కడ గెలిచిన ల్యూక్ లిట్లర్‌కు అప్పటికి 17 ఏళ్లే. ఆ పోటీల్లో ఆడేది 501, అంటే 501 పాయింట్ల నుంచి సున్నాకు దిగే ఆట. కాస్త తీరిక దొరికినప్పుడు ఇద్దరు కూర్చుని, కాదు, నిలబడి ఆడుకోవడానికి 301 సరిపోతుంది.

బోర్డు నడిమధ్య బిందువు నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తున ఉండాలి. నిలబడే గీత 2.37 మీటర్ల దూరంలో. ఈ దూరాన్ని బోర్డు ముఖం నుంచి కొలవాలి, గోడ నుంచి కాదు. ఒకరు మూడు డార్ట్‌లూ విసిరేదాకా రెండోవారు బోర్డు దగ్గరికి వెళ్లకూడదు. పిల్లలున్న ఇంట్లో ఈ నియమాన్ని అన్నిటికన్నా ముందు చెప్పండి.

బోర్డు మీద ఇరవై గడులు. బయటి అంచున ఉన్న సన్నటి వలయంలో గుచ్చుకుంటే ఆ గడి అంకెకు రెట్టింపు, అంటే డబుల్; లోపలి సన్నటి వలయంలో అయితే మూడింతలు, అంటే ట్రెబుల్. మధ్యలోని బుల్ 50, దాని చుట్టూ ఉన్న పచ్చ వలయం 25. తగిలి కిందపడిన డార్ట్‌కు పాయింట్లు రావు. చెరొక డార్ట్ వేసి, బుల్‌కు ఎవరిది దగ్గరగా పడితే వాళ్లు ఆట మొదలుపెడతారు. ఇద్దరి లెక్కా 301 దగ్గర మొదలై కిందికి దిగుతుంది. సరిగ్గా సున్నాకు చేరాలి, ఆ ఆఖరి డార్ట్ డబుల్‌లో పడాలి. మిగిలినదానికన్నా ఎక్కువ కొట్టినా, ఒకటే మిగిలినా, డబుల్ కాకుండా సున్నాకు వచ్చినా బస్ట్. ఆ వంతులో కొట్టిందంతా పోయి, పాత లెక్కే నిలుస్తుంది. 301లో మొదలుపెట్టడానికి కూడా డబుల్ కొట్టాలన్నది పాత పద్ధతి. కొత్తవాళ్లు దాన్ని పక్కన పెట్టడమే మేలు. లేకపోతే ఆట మొదలవడానికే చాలాసేపు పడుతుంది.

ఇక ఎత్తుగడలు. అందరి కళ్లూ పైనున్న 20 మీదికే పోతాయి. దాని ట్రెబుల్‌లో మూడూ పడితే 180, ఒక వంతులో అంతకు మించి రాదు. కానీ ఆ ట్రెబుల్ వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లే, 20కి అటూ ఇటూ ఉన్నవి 5, 1. మూడు డార్ట్‌లూ చెదిరి తలొక గడిలో పడితే వచ్చేది 26. అదే చెదురు ఎడమవైపు 14 దగ్గర జరిగితే పక్కన 11, 9 ఉన్నాయి కాబట్టి 34 వస్తుంది. కింద 16 దగ్గరైతే 31. గురి తప్పినవాళ్లకు శిక్ష పడేలా అంకెలు పేర్చిన బోర్డు ఇది. ఆ శిక్ష ఎడమవైపు కొంత తేలిక. స్టాన్‌ఫర్డ్ గణాంక శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన లెక్క కూడా ఈ దారిలోనే ఉంది. చెయ్యి స్థిరంగా ఉన్నవాళ్లకు ట్రెబుల్ 20, కొంచెం చెదిరేవాళ్లకు ట్రెబుల్ 19, బాగా చెదిరేవాళ్లకు బుల్‌కు కాస్త ఎడమగా, కిందగా ఉన్న చోటు మేలని వాళ్లు తేల్చారు. మీ చెయ్యి ఏ కోవకు చెందుతుందో నాలుగు వంతులు ఆడితే మీకే తెలుస్తుంది.

నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆఖరి ఘట్టం. 301లో గెలుపోటములు చాలావరకు తేలేది అక్కడే. వీలైతే 32 మిగుల్చుకోండి. డబుల్ 16కి గురిపెడతారు. లోపలికి తప్పి మామూలు 16లో పడితే 16 మిగులుతుంది, అంటే డబుల్ 8. అదీ అలాగే తప్పితే డబుల్ 4, ఆ తర్వాత డబుల్ 2, చివరికి డబుల్ 1. బోర్డు బయటికి పోతే ఒక డార్ట్ వృథా, అంతే, లెక్క చెడదు. అదే 40 మిగిలితే డబుల్ 20, తప్పితే డబుల్ 10, మళ్లీ తప్పితే డబుల్ 5. అదీ లోపలికి తప్పిందా, 5 మిగిలి బేసి సంఖ్య దగ్గర చిక్కుకుంటారు. బేసికి డబుల్ ఉండదు కాబట్టి దాన్ని సరి చేయడానికే ఒక డార్ట్ ఖర్చవుతుంది.

అందుకే 80కి దిగగానే లెక్క మొదలుపెట్టాలి. 48 ఉంటే మామూలు 16 కొట్టి 32కి రండి. 39 ఉంటే 7 కొట్టండి. ఆ 7 పక్కనే 19, 16 ఉన్నాయి. 19లో పడినా 20 మిగిలి డబుల్ 10 దొరుకుతుంది. 16లో పడితే 23 మిగులుతుంది, మళ్లీ బేసి. అంటే 7కి గురిపెట్టేటప్పుడు 19 వైపు కొద్దిగా ఒరగడం మంచిది. గడికి గురిపెట్టే ముందు దాని పొరుగు గడులను కూడా చూడటం అలవాటైతే మీ ఆట తీరే మారిపోతుంది.

కొత్తగా బోర్డు తగిలించుకున్నవాళ్లు మొదటి వారం 301 జోలికే వెళ్లకండి. ఇద్దరికీ 32తో మొదలుపెట్టి, మూడేసి డార్ట్‌లు మార్చి మార్చి విసురుతూ, ఎవరు ముందు డబుల్‌తో సున్నాకు వస్తే వాళ్లు గెలిచినట్టు ఆడండి. బస్ట్ నియమం మాత్రం ఇక్కడ కూడా పాటించండి.