పల్నాడు చూద్దాం రండి – మన కళ్ళతో

(పల్నాటి పల్లెలో ఒక దళితవాడ యువజనులు ఏర్పాటు చేసిన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



కూలికి పోయొచ్చి, ఒళ్ళు అలిసి కూడా ఈ వేపచెట్టు కిందికి వచ్చారు. అందుకని మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టం. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. మన పల్నాడును మనం చూడలేదు. ఇక్కడే పుట్టాం, ఇక్కడే మిరపకాయలు కోశాం, ఇక్కడే రాళ్ళు కొట్టాం. కానీ చూడలేదు.

కొన్నేళ్ళ కిందట మేం పనిచేసిన బడిలో పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకుపోయారు. తలకింత అని డబ్బు కట్టమన్నారు. మన పేట పిల్లలు కట్టలేకపోయారు. బస్సు కదిలింది. వాళ్ళు గేటుకాడ నిలబడి చూశారు. మేం ఆ బస్సులోనే కూర్చుని ఉన్నాం. ఈ మాట దాచుకోం. మర్నాడు ఒక పిల్ల వచ్చి అడిగింది: "సారూ, ఆడ మనోళ్ళవి ఏమన్నా ఉన్నాయా?"

మా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. చరిత్ర పుస్తకాలు బట్టీపట్టి పాసయ్యాం. ఆ పిల్ల ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ రాలేదు. ఆ తర్వాత నుంచి ఆదివారాలు సద్ది కట్టుకుని, ఆర్టీసీ బస్సెక్కి పేట పిల్లల్తో తిరగడం మొదలుపెట్టాం. తిరిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

మొదట కారంపూడి. నాగులేరు ఒడ్డున వీర్లగుడి ఉంది. 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధంలో చచ్చిపోయిన వీరుల గుడి అది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవం చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాపమీద కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారమని చెబుతారు. మంచిదే. ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. కానీ మేం ఒక ప్రశ్న అడుగుతాం. ఏడాదికి ఒక్కనాడు చాపమీద కలిసి తిన్నవాళ్ళం మర్నాడు ఎవరి దారిన వాళ్ళం ఎందుకు పోతున్నాం? సమానత్వం పండగ ప్రసాదమా, మనిషి హక్కా?

బ్రహ్మనాయుడి సైన్యాన్ని నడిపినవాడు కన్నమదాసు. మాల కులంలో పుట్టినవాడు. బ్రహ్మనాయుడు కొడుకులా పెంచాడని కథ. చెప్పేవాళ్ళు పెంచినాయన గొప్పతనం గంటసేపు చెబుతారు, కత్తి పట్టినవాడి గొప్పతనం రెండు ముక్కల్లో ముగిస్తారు. ఇంకో సంగతి కూడా చూడండి అక్కలారా. రాజ్యం నడిపిన ఆడమనిషి నాయకురాలు నాగమ్మను ఆ కథ ఎంత చెడ్డదాన్ని చేసిందో! కథ విన్నప్పుడల్లా, ఇది ఎవరి వైపు నిలబడి చెప్పిన కథ అని అడగడం మన పిల్లలకు నేర్పాలి.

ఆ కథను కాపాడింది ఎవరు? శ్రీనాథుడు ద్విపదలో రాశాడని బడిలో చెబుతాం. సరే. కానీ వందల ఏళ్ళుగా నోటితో మోసుకొచ్చింది మన వీరవిద్యావంతులు. మాలవాడల కళాకారులు. జీన్ రోఘెయిర్ అనే అమెరికా పండితుడు ఇక్కడికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడగా ఈ కథను రికార్డు చేసుకున్నాడు. అది ఇంగ్లీషులో 1982లో పుస్తకమై వచ్చింది. దేశాలు దాటొచ్చినవాడు మన గాయకుడి ముందు కూర్చుని విన్నాడు. మనం మన పక్కింటి తాత పాట వినడానికి తీరిక లేదంటున్నాం!

ఇక నాగార్జునకొండ. అది విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని. 3వ శతాబ్దంలో బౌద్ధానికి పెద్ద నెలవు. రాజు శాంతమూలుడి తోబుట్టువు శాంతిశ్రీ అక్కడ మహాచైత్యం కట్టించిందని శాసనాలు చెబుతున్నాయి. కట్టించినామె పేరు ఉంది. మరి కట్టినవాళ్ళు? ఆ శిల్పాలు చెక్కింది మన పల్నాటి సున్నపురాయి మీదే. ఈనాటికీ ఆ రాయిని తవ్వేదీ, బట్టీల దగ్గర మోసేదీ మన చేతులే. కృష్ణమీద డ్యాంకు 1955లో పునాదిరాయి వేశారు, 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ లోయ మునిగింది. మునగక ముందే తవ్వి, దొరికినవి కొన్ని కొండమీదికి, కొన్ని అనుపుకు చేర్చారు. అనుపులో మెట్లవరసల రంగస్థలం చూడండి. డ్యాం ప్రారంభించినవాళ్ళ పేర్లు పిల్లలు పరీక్షల్లో రాస్తారు. రాళ్ళు మోసిన మన తాతల పేర్లు ఎవరు అడుగుతారు?

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్నారు. అది పరాయి ఊరి ధర్మం కాదు. మన గడప ముందు మట్టిలో ఉన్నదే.

చరిత్రే కాదు, నీళ్ళూ చెట్లూ కూడా మనవే. మాచర్ల పక్కనుంచి పారే చంద్రవంక వాగు ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల పైనుంచి దూకుతుంది. మా పిల్లలు అది చూసి గంటసేపు నోరు మెదపలేదు. చూడటానికి పోవడం డబ్బున్నోళ్ళ సరదా అనుకోకండి. కాయకష్టం చేసే కళ్ళకు కూడా అందం కావాలి.

వినుకొండ పోదాం. 1895 సెప్టెంబరు 28న జాషువా అక్కడ పుట్టాడు. గుడిలోకి మనిషిని రానివ్వని చోటికి గబ్బిలం పోగలదని, దానితో తన గోడు చెప్పి పంపిన కవి. ఆ ఊరి కొండను చూపించి, ఈ కొండ కింద ఆడుకున్న మన పిల్లవాడు మహాకవి అయ్యాడని చెబితే పిల్లల మొహాలు ఎట్లా వెలిగాయో!

ఇంకొక చోటు ఉంది. సరదాకు పోయేది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను చంపారు. వాళ్ళను ఊరి నడుమే పూడ్చి రక్తక్షేత్రం అన్నారు. కోటలే చారిత్రక స్థలాలా? అది కాదా?

ఇప్పుడు అసలు సంగతి. మన పేట శ్మశానం మీదుగా క్వారీ ట్రాక్టర్లు దారి చేసుకున్నాయి. రెండు సమాధులు చక్రాల కింద పోయినయ్. అడిగితే, "ఇది మీదని కాయితం ఏదీ?" అంటున్నారు. చూశారా! చరిత్ర రాసుకోకపోతే పోయేది గొప్పలు చెప్పుకునే అవకాశం ఒక్కటే కాదు, భూమి పోతుంది. అవ్వాతాతల్ని పూడ్చిన చోటు కూడా పోతుంది.

అందుకని మూడు పనులు పెట్టుకుందాం. ఒకటి, నెలకో ఆదివారం పిల్లల్తో ఒక చోటు చూద్దాం. చార్జీలు లేని పిల్లకు చందా వేసుకుందాం, ఎవర్నీ గేటుకాడ నిలబెట్టొద్దు. రెండు, ఒక నోటుబుక్కు పెట్టి మన పేట బావి, చెట్టు, శ్మశానం, పాత దారి ఏవేవి ఎక్కడున్నాయో పెద్దల్ని అడిగి రాద్దాం. పాడే తాతల గొంతు సెల్‌ఫోన్లో ఎక్కిద్దాం. మూడు, శ్మశానం సర్వే నెంబరు ఏందో, రికార్డులో ఏమని ఉందో 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అడుగుదాం. అర్జీ మేం రాసి తెచ్చాం. సభ అయినాక సంతకాలు చెయ్యండి. సంతకం రానోళ్ళు వేలిముద్ర వెయ్యండి. అది కూడా చరిత్రే.

ఆనాడు బస్సెక్కని ఆ పిల్ల ఇవ్వాళ ఈ సభలోనే ముందు వరసలో కూర్చుంది. నోటుబుక్కు రాసే పని తనే తీసుకుంది. అమ్మా, నీ ప్రశ్నకు ఆలస్యంగా జవాబు చెబుతున్నాం. ఉన్నాయి. ఆడా మనోళ్ళవి ఉన్నాయి, ఈడా ఉన్నాయి. పేర్లు రాయడమే మిగిలింది. రాయి తల్లీ.

జై భీమ్!