టోకు ధరకు బొంత సామాను



ఈ రోజు మాట బొంత గురించి. బొంత మనకు కొత్త కాదు. పాత చీర పారేయబుద్ధి కాదు. నాలుగు చీరలు మడత పెట్టి, వరుసగా కుట్లు వేస్తే బొంత. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు. పసిబిడ్డకు మెత్తని పక్క. కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. బెంగాలులో కాంతా అంటారు.

పాత చీరలు ఇంట్లోనే ఉంటాయి. కానీ అడుగు గుడ్డ కొనాలి. దారం కొనాలి. అక్కడే పైసలు అయిపోతాయి.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో నలుగురు ఆడవాళ్లు. వాళ్లు బొంతలు అమ్మరు. ఇంటి కోసం, ఇష్టం కొద్దీ కుట్టుకుంటారు. వాళ్లలో పెద్దామె కూతురికి కాన్పు దగ్గర పడింది. బొంత కావాలె. కానీ పట్నం పోయి గుడ్డ తెద్దామంటే పెద్దామె ఒప్పుకోలేదు.

ఎందుకు? అంతకు ముందు ఏడు ఆమె ఒక్కతే పోయింది. టోకు ధర అంటే ఆశపడింది. 20 మీటర్ల థాను అనుకొని తెచ్చింది. నాలుగు బొంతలకు సరిపోవాలి. నాలుగో బొంతకు గుడ్డ చాలలేదు. బిల్లు అడగలేదు. అడిగినా అప్పుడు చదవడం రాదు.

అసలు సంగతి ఏమిటి? ఆ గుడ్డ 20 మీటర్లు కాదు, 20 గజాలు. మీటరుకు 100 సెంటీమీటర్లు. గజానికి 91 సెంటీమీటర్ల పైన కొంచెమే. 20 గజాలంటే 18 మీటర్ల 29 సెంటీమీటర్లు. అంటే 1 మీటరు 71 సెంటీమీటర్లు తక్కువ.

"అత్తా, ఈసారి టేపు పట్టుకొని పోదాం. నాకు అంకెలు వచ్చు, నీకూ వచ్చు" అన్నది చిన్నామె.

ముందు నలుగురూ కూచొని లెక్క రాసుకున్నారు. ఒక్కో బొంత అడుగుకు 5 మీటర్లు. నలుగురికి 20 మీటర్లు. దారం ఒక్కొక్కరికి 3 రీళ్లు. మొత్తం 12, అంటే ఒక డబ్బా. ఎవరు ఎంత ఇచ్చిందీ నోటుబుక్కులో రాశారు.

ఇద్దరు బస్సెక్కారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్టు తీసుకోవాలి. ఇమ్లీబన్‌లో దిగారు. దారం కోసం బేగంబజారు పోయారు. గుడ్డ కోసం నయాపూల్ దాటి మదీనా, పత్తర్‌గట్టి వైపు నడిచారు.

"60 రూపాయలు" అన్నాడు దుకాణదారు.

"సేటూ, గజానికా, మీటరుకా?" అని అడిగింది పెద్దామె.

"గజానికమ్మా."

"మీటరు లెక్కన చెప్పు. బిల్లు మీద కూడా మీటరనే రాయి."

బేరమాడితే మీటరు 65కు వచ్చింది. చూడండి, గజం 60 అంటే చవక అనిపిస్తుంది. కానీ రెండూ దాదాపు ఒకటే ధర. చట్టం ప్రకారం గుడ్డను మీటర్లలోనే అమ్మాలి. కాబట్టి అడగడానికి జంకు వద్దు. వాళ్లు థాను విప్పించి, టేపుతో కొలుచుకొని తెచ్చుకున్నారు.

ఇప్పుడు లాభం చూద్దాం. ఊరి దగ్గర మీటరు 80. ఒక బొంతకు 400. టోకున 325. మిగిలింది 75. ఊళ్లో రీలు 15. మూడు రీళ్లకు 45. డబ్బా 120, మూడు రీళ్లకు 30. మిగిలింది 15. మొత్తం 90. చాయ, తిండి, ఆటో కలిసి 100 అయింది. తలా 25. చివరికి ఒక్కొక్కరికి 65 రూపాయలు మిగిలాయి.

ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికే. ధర రోజుకో తీరు ఉంటుంది. లెక్క వేసే తీరు మాత్రం మారదు.

ఒక్క బొంతకే అయితే పట్నం పోవద్దు. టోకు దుకాణంలో థాను కోయరు, డబ్బా విప్పరు. రెండు రీళ్ల కోసం పన్నెండు కొంటే నష్టమే. దగ్గరి దుకాణంలో కూడా అడగండి: "నలుగురం కలిసి థాను మొత్తం తీసుకుంటాం, ఎంతకిస్తావు?" ఒక్కోసారి అక్కడే గిట్టుబాటు అవుతుంది.

కలిసి చేస్తే బలం. అమెరికాలో అలబామా రాష్ట్రంలో 1966లో పేద నల్లజాతి స్త్రీలు బొంతలు కుట్టడానికి సహకార సంఘమే పెట్టుకున్నారు.

పెద్దామెకు మనవరాలు పుట్టింది. బొంత మూలన ఆమె ఎర్ర దారంతో ఆ పిల్ల పేరు కుట్టింది. మూడే అక్షరాలు. ఎవరినీ అడగకుండా రాసింది.

మీ బొంతకు ఎన్ని మీటర్లు కావాలె? ఈ రాత్రి మీ పుస్తకంలో లెక్క వేసి చూడండి. సెలవు.