మూత్రాశయమునకు చేటు తెచ్చు కాలువ పురుగు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



పైరులకు పట్టు పురుగులను గూర్చి, పశువులకు వచ్చు జాడ్యములను గూర్చి ఈ సదస్సులలో తరచుగా చెప్పుకొనుచుందుము. ఈనాడు నేను మనిషి మూత్రాశయమును పట్టి పీడించు ఒక పురుగును గూర్చి చెప్పదలచితిని. ఇది వైద్యుల విషయము గదా, వ్యవసాయ సభలో ఎందుకని మీకు తోచవచ్చును. కాని ఈ పురుగు కథ చాలవరకు పంటకాలువలోనే నడచును. నీరు ఏడాది పొడుగునా నిలిచిన చోట అది పెరిగినది. నీటిని, మనిషి అలవాట్లను చక్కబెట్టుకొన్న చోట అది తగ్గినది. కావున రైతు తెలిసికొనదగిన విషయమే ఇది.

ఈ వ్యాధికి బిల్‌హార్జియా అని పేరు. శాస్త్రజ్ఞులు షిస్టోసోమియాసిస్ అందురు. ఈజిప్టు దేశములోని నైలునది లోయ దీనికి చిరకాలపు నివాసము. సుమారు మూడువేల ఏండ్ల నాటి మమ్మీల మూత్రపిండములలో ఈ పురుగు గ్రుడ్లను రఫర్ అను శాస్త్రజ్ఞుడు 1910లో కనుగొనెను. అంతకు ముందే, 1851లో, కైరో నగరపు ఆసుపత్రిలో పనిచేయుచున్న థియోడర్ బిల్‌హార్జ్ అను జర్మను వైద్యుడు శవపరీక్ష చేయుచు రక్తనాళములలో ఈ పురుగులను చూచెను. ఆయన పేరే వ్యాధికి నిలిచినది. అది మనిషిని చేరు మార్గమేదో మాత్రము చాలకాలము తేలలేదు. 1915లో లైపర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈజిప్టులోనే పరిశోధన చేసి, నడుమ నత్త ఉన్నదని నిరూపించెను.

పురుగు బ్రతుకు తీరు

వ్యాధి ఉన్న మనిషి కాలువలో మూత్రము పోసినప్పుడు దానితోపాటు పురుగు గ్రుడ్లు నీటిలో పడును. మంచినీరు తగులగానే గ్రుడ్డు పగిలి, కంటికి కనబడని పిల్లపురుగు బయటకు వచ్చి ఈదును. కొద్ది గంటలలో దానికి తగిన జాతి నత్త దొరకవలెను; దొరకనిచో చచ్చిపోవును. ఆ నత్తను బ్యూలినస్ అందురు. నత్త కడుపులో కొన్ని వారములు పెరిగి, ఒకటి వేలుగా వృద్ధి చెంది, చీలిన తోక గల పురుగులై మరల నీటిలోనికి వచ్చును. ఎండ బాగా ఉన్న పగటి వేళ ఇవి ఎక్కువగా వెలువడును. పిల్లలు ఈతకు దిగునదియు, తల్లులు బట్టలుతుకునదియు ఆ వేళనే.

నీటిలో దిగిన మనిషి చర్మమును ఈ పురుగు కొద్ది నిమిషములలో తొలుచుకొని లోపల ప్రవేశించును. గాయము ఉండనక్కరలేదు, నీరు త్రాగనక్కరలేదు; కాలు తడిసిన చాలును. లోపలికి పోయినది రక్తములో ప్రయాణము చేసి, కాలేయములో పెరిగి, ఆడమగ జతగూడి మూత్రాశయము చుట్టునున్న సిరలకు చేరును. మగపురుగు ఒక సెంటీమీటరు పైచిలుకు పొడవుండును. దాని దేహము గాడివలె ముడుచుకొని ఉండగా, సన్నని ఆడపురుగు ఆ గాడిలో ఒదిగి బ్రతుకును. ఆడపురుగు ప్రతిదినము పదుల కొలది గ్రుడ్లు పెట్టుచు, సంవత్సరముల తరబడి జీవించును.

మూత్రాశయమునకు కలుగు హాని

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. హాని చేయునది ముఖ్యముగా పురుగు కాదు, దాని గ్రుడ్డు. గ్రుడ్డు కొనను ఒక ముల్లు ఉండును. కొన్ని గ్రుడ్లు మూత్రాశయపు గోడను చీల్చుకొని మూత్రములో పడును. అందువలన మూత్రము చివర రక్తము కనబడును. తక్కినవి దారి దొరకక గోడలోనే చిక్కుకొనును. కాలిలో విరిగిన తుమ్మముల్లు చుట్టును చీము, వాపు, గట్టిదనము వచ్చుట మీరెరుగుదురు. ఇక్కడను అంతే. ఒక్కొక్క గ్రుడ్డు చుట్టును శరీరము చిన్న గడ్డను కట్టును. అట్టి ముండ్లు వేలకొలది ఉన్నచో గోడ ఏమగునో ఆలోచింపుడు.

మొదట మూత్రములో మంట, మాటిమాటికి పోవలెననిపించుట, రక్తము. తరువాత గోడ దళసరియై సాగుడు పోగొట్టుకొనును. చచ్చిన గ్రుడ్లకు సున్నము పట్టి లోపలి పొర ఇసుక చల్లినట్లు అగుపడును. ఎక్స్‌రే తీసినచో మూత్రాశయము గవ్వవలె తెల్లగా కనబడుటయు కలదు. మూత్రపిండమునుండి వచ్చు నాళము ఇరుకైనచో మూత్రము వెనుకకు తన్ని, మూత్రపిండము ఉబ్బి చెడును. ఇంతయు జరుగుచుండగా మనిషి పొలము పనికి పోవుచునే ఉండును. పూర్వము వ్యాధి పీడిత గ్రామములలో మగపిల్లల మూత్రము ఎఱ్ఱబడుట ఎదుగుదలకు గుర్తని తలచిన వారును ఉండిరి. అందరికి ఉన్న జబ్బు జబ్బుగా కనబడదు గదా!

రాచపుండు ఎట్లు పుట్టును?

మూత్రాశయపు లోపలి పొర మెత్తనిది. ఏండ్ల తరబడి గాయము, మానుట, మరల గాయము జరుగుటచే అక్కడి కణములు తమ రూపము మార్చుకొని చర్మపు పైపొరవలె పొలుసు కణములగును. గాయము మాన్పుటకై కణములు త్వరత్వరగా విభజన చెందవలసి వచ్చును. త్వరగా వ్రాసిన నకలులో తప్పులు దొరలినట్లు, కణములోని జన్యు పదార్థములోను తప్పులు దొరలును. వాపులో పుట్టు ఘాటైన పదార్థములు ఆ తప్పులను పెంచును. మూత్రము పూర్తిగా పోక నిలిచిన చోట సూక్ష్మక్రిములు చేరి, నైట్రోసమైనులను విష పదార్థములను తయారుచేయును. ఇవన్నియు కూడి, హద్దు లేక పెరుగు కణము ఒకటి పుట్టినచో అదే కాన్సర్, అనగా రాచపుండు.

కైరోలో ఫెర్గూసన్ అను వైద్యుడు 1911లోనే నలుబది మంది రోగులను పరిశీలించి, ఈ పురుగునకు, మూత్రాశయపు కాన్సర్‌కు సంబంధము కలదని వ్రాసెను. 1994లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఈ పురుగు మానవులకు కాన్సర్ కలిగించునని నిర్ధారణ చేసినది. పురుగు పట్టిన ప్రతివానికి కాన్సర్ వచ్చుననుకొనరాదు. కొందరికి మాత్రమే వచ్చును. కాని ఇతర దేశములలో ఈ కాన్సర్ ఎక్కువగా ముసలితనమున రాగా, ఈజిప్టు రైతుకు నలుబదులలోనే వచ్చుచుండెను. ఇల్లు, సేద్యము అతని భుజముల మీద ఉన్న కాలమది.

కాలువలు తెచ్చిన మార్పు

పూర్వము నైలు వరద ఏడాదికి ఒకమారు పొలములను ముంచి తీసిపోయెడిది. తరువాత నేల బీటలువారి ఎండెడిది; నత్తలు చాలవరకు చచ్చెడివి. అస్వాన్ వద్ద 1902లో ఆనకట్ట పూర్తియై, క్రమముగా ఏడాది పొడుగునా కాలువ నీరు రాసాగినది. పంట ఒకటికి రెండైనది. దానితో నత్తకును ఏడాది పొడుగునా నీరు దొరికినది. ఎగువ ఈజిప్టులో అట్లు నీరు వచ్చిన నాలుగు ప్రాంతములను పరీక్షింపగా, 1934లో నూటికి 2 నుండి 11 మందికి ఉన్న వ్యాధి 1937 నాటికి 44 నుండి 75 మందికి పెరిగెను. కేవలము మూడేండ్లలో!

దీనినిబట్టి కాలువలు వలదని నేను చెప్పుట లేదు. నీరు లేనిదే రైతు లేడు. కాలువతోపాటు మరుగుదొడ్డి, కాలువతోపాటు కుళాయి, కాలువతోపాటు చదువు రావలెనని మాత్రమే చెప్పుచున్నాను.

చికిత్స, అందులోని గుణపాఠము

1918లో టార్టార్ ఎమెటిక్ అను అంటిమనీ మందు వాడుకలోనికి వచ్చినది. దీనిని సిరలోనికి పదేపదే సూదితో ఎక్కింపవలెను. 1950 తరువాత ఈజిప్టులో గ్రామ గ్రామమున ఈ సూదులు వేసిరి. ఉద్దేశము మంచిదే. కాని సిరంజిలను సరిగా కాచి శుద్ధి చేయకపోవుటచే ఒకరి రక్తము మరియొకరికి సోకి, హెపటైటిస్ సి అను కాలేయ వ్యాధి దేశమంతట వ్యాపించినది. సూది శుభ్రత ఎంత ముఖ్యమో, మనిషికైనను పశువుకైనను, ఈ ఉదంతము చెప్పుచున్నది.

ఇప్పుడు ప్రాజిక్వాంటెల్ అను మాత్ర ఉన్నది. శరీరపు బరువులో ప్రతి కిలోకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కమారు మ్రింగిన చాలును. పెద్ద పురుగులు చచ్చును. చిన్న పురుగులపై పని తక్కువ. మరల నీటిలో దిగినచో మరల సోకును. ముదిరిన హానిని మాత్ర పూర్తిగా బాగుచేయలేదు. కావుననే వ్యాధి గల ప్రాంతములలో బడిపిల్లలకు ముందుగా ఇచ్చుచున్నారు. మాత్రల వలనను, మంచినీటి వసతుల వలనను ఈజిప్టులో వ్యాధి బాగుగా తగ్గినది. కైరో కాన్సర్ ఆసుపత్రిలో 1980 ప్రాంతమున మూత్రాశయపు కాన్సర్లలో సుమారు మూడు వంతులు పొలుసు కణముల రకముగా ఉండగా, 2005 నాటికి అవి నూటికి ముప్పదికి లోపు అయినవి. ఆఫ్రికాలోని తక్కిన దేశములలో మాత్రము ఈ వ్యాధి నేటికిని విస్తారముగా ఉన్నది.

మన మాట

మన దేశములో ఈ వ్యాధి సామాన్యముగా లేదు. రత్నగిరి జిల్లాలోని గింవి అను గ్రామమున మాత్రము 1952లో కనుగొనిరి. మన పశువులకు సోకు జ్ఞాతి పురుగులు మాత్రము కలవు. ఎద్దులకు, ఆవులకు ముక్కులో కండ పెరిగి గురక పెట్టు జబ్బు వీటి వలన వచ్చునదే. మన చెరువులలోని నత్తలే వీటికి ఆశ్రయము. వరి మడిలో దిగినప్పుడు కాళ్ళకు దురద, దద్దుర్లు వచ్చుటకు ఒక కారణము ఈ పశువుల పురుగులు చర్మములో దూరుట. అవి మనిషిలో పెరుగలేక చచ్చును, మూత్రాశయమును చెరుపవు. ఈ భేదము తెలిసికొని అనవసర భయము మానుడు.

అయినను మీ ఇంటివారెవరైన సేద్యము పనికో, కట్టడము పనికో ఆఫ్రికా దేశములకు పోవుదురేమో. వారికి ఈ మాటలు చెప్పుడు.

1. అక్కడి చెరువులలో, కాలువలలో, నదులలో, సరస్సులలో స్నానమాడరాదు, ఈదరాదు.
2. స్నానమునకు కాచిన నీటినిగాని, రెండు దినములు మూసి నిలువ ఉంచిన నీటినిగాని వాడవలెను. ఆ పురుగు అంతకాలము బ్రతుకదు.
3. నీటిలో దిగక తప్పనిచో పొడవు బూట్లు తొడుగుకొనవలెను.
4. తిరిగి వచ్చిన తరువాత వైద్యునితో ఆ సంగతి చెప్పి, మూత్రము పరీక్ష చేయించుకొనవలెను.

ఇక ఎక్కడికి పోనివారికిని ఒక మాట. మూత్రములో రక్తము కనబడినచో, నొప్పి లేకున్నను, వేడి చేసినదని బార్లీ నీళ్ళు త్రాగి ఊరకుండరాదు. రక్తము రెండు దినములు కనబడి మాయమగుట కలదు; జబ్బు మాయమైనట్లు కాదు. రాయి కావచ్చును, మరియొకటి కావచ్చును, కాన్సరే కావచ్చును. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారికి మూత్రాశయపు కాన్సర్ భయము ఎక్కువ; పురుగు లేని మనకు పొగాకే ఆ పని చేయుచున్నది. మొదట పట్టుకొన్న కాన్సర్‌కు మంచి చికిత్స ఉన్నది. ఆలస్యమైనచో మూత్రాశయమునే తీసివేయవలసి వచ్చును.

పైరు ఆకు మీద ఒక్క మచ్చ కనబడిన వెంటనే తెంపి తెచ్చి మాకు చూపెదరు. మీ దేహమున కనబడిన ఎఱ్ఱ మచ్చను గూడ అంత శ్రద్ధతోనే వైద్యునికి చూపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.