నీటి యొద్ద మెలకువ



గోదావరి, ప్రాణహిత, మానేరు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు జీవనాధారములు. అయితే ఎండాకాలములో మానేరు మోకాటి లోతే కనిపించినను, ఇసుక తోడిన చోట నిలువు మించిన గుంతలుండును. ఇచ్చట వాన లేకున్నను, ఎగువ ఆనకట్ట తలుపులు తెరచినచో ఏరు చూచుచుండగనే పెరుగును. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, లార్జీ ఆనకట్ట వదలిన నీటికి హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది అట్లే కొట్టుకొనిపోయిరి.

ఒకడు మునుగగా ఈత రాని తోబుట్టువు దుమికి, ఒకే ఇంట రెండు శవములు లేచుట మన పల్లెలు ఎరిగినదే. ప్రేమ యున్నంత మాత్రమున దుమకకుడి. గట్టుననే నిలిచి కేక వేయుడి. మోకు, చీర, వెదురు గడ అందించుడి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసరుడి. బయటికి తీసినవానిని తలక్రిందులు చేయకుడి, కడుపు నొక్కకుడి. శ్వాస లేనిచో వెంటనే నోటితో ఊపిరి ఊది, రొమ్ము నొక్కుచుండుడి. మరియొకరిచేత 108కి ఫోను చేయించుడి.

ప్రతి సంఘము తన ఊరి చెరువు కట్టపై ఒక మోకు, ఒక డబ్బా ఉంచవలెను. పెద్దల కాపుదలలో పిల్లలకు ఈత నేర్పింపవలెను. శతవత్సర జ్ఞాపకముగా శిలాఫలకములు నిలుపుదుము. ఒక బిడ్డ ప్రాణము నిలుపుట అంతకంటె గొప్ప జ్ఞాపకము.